కోటపాడు మేడమ్ చదివిన గీతలు

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు, ఎలా పోయిందని అడగడానికి ముందు ఎంతమంది వచ్చారని అడిగాను.

ఫోన్ చేసింది మా ఇద్దరి దగ్గరా చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు తనే ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. "రోడ్డు పట్టలేదు మేడమ్. శ్రీకాకుళం నించి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చేరు పాత స్టూడెంట్సు," అంది ఏడుస్తూ. నేను "అయ్యో" అన్నాను. ఆ మాట అంటూనే, నేను పోతే ఎంతమంది వస్తారా అని ఆలోచించాను. ఆమె చోడవరం విడిచి పాతికేళ్లు దాటింది. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం, ఒకరు వెళ్లిపోయారు కూడా. అయినా ఆ గుణం నాలోంచి ఎక్కడికీ పోలేదు.

పేరు రాయను. ఆమె పిల్లలున్నారు, చదువుతారు. కాలేజీలో అందరూ కోటపాడు మేడమ్ అనేవారు. కె.కోటపాడుకు అవతల ఏదో చిన్న ఊరు ఆమెది. ఆ ఊరి పేరు రెండుసార్లు చెప్పింది గాని నేను గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఉందనుకోలేదు.

తొంభైల మధ్యలో చోడవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉండేది. ఇప్పుడు ఆ మేడలో పెళ్లిళ్లు జరుగుతున్నాయి. అందులో నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. మాది ఊళ్లో పాత కుటుంబం. తాతగారి కాలం నుంచీ ఉద్యోగాలే. నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివి క్లాసులో మొదట నిలిచాను. ఆ సంగతి ఊళ్లో తెలియనివాళ్లెవరైనా ఉంటే మా అమ్మ చెప్పేది. ఉద్యోగం చేసుకుంటూనే యూనివర్సిటీలో పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్నాను. నీళ్లలో రెండు లోహపు రేకులు ముంచి కరెంటు పంపితే నీళ్లు విడిపోతాయని స్కూల్లో చదువుకుంటాం కదా, ఆ నీళ్లలో ఒక కర్బన పదార్థం కలిపితే అది కూడా మారిపోతుంది. దేనిగా మారిందో తేల్చడమే నా పని.

సీసా అడుగున మిగిలిన పొడిని చూసి అదేమిటో ఎవరూ చెప్పలేరు. దానికి ఇన్‌ఫ్రారెడ్ యంత్రం కావాలి. కంటికి కనపడని వేడి కిరణాలను పదార్థం గుండా పంపితే, అణువులో ఒక్కో బంధం ఒక్కో రకం కిరణాన్ని మింగుతుంది. యంత్రంలో ఒక పెన్ను పొడుగాటి కాగితం మీద అడ్డంగా గీత గీసుకుంటూ పోతుంది. కిరణాన్ని మింగిన చోటల్లా గీత కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ దిగుళ్లను చదవడం వస్తే పదార్థం గుట్టు తెలుస్తుంది. పుస్తకాల్లో వాటిని బ్యాండ్లు అంటారు. ఆమె గోతులు అనేది.

యంత్రం యూనివర్సిటీలో ఉండేది. నాలాగ బయటినుంచి వచ్చేవాళ్లకు శనివారాలు ఇచ్చేవారు. పొద్దున్నే చోడవరంలో బస్సెక్కి, చేతిసంచిలో నాలుగు చిన్న సీసాలు పెట్టుకుని వెళ్లి, సాయంత్రానికి నాలుగు గీతలతో తిరిగి వచ్చేదాన్ని. నాలుగేళ్లు అలా తిరిగాను. చోడవరం నుంచి అలా వెళ్లేది నేనొక్కదాన్నే. ఆ మాట తలుచుకుంటే నాకు బాగుండేది.

ఆమె ఒక జూన్‌లో మా కెమిస్ట్రీలోనే లెక్చరర్‌గా చేరింది. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, ల్యాబు వెనక పంపు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేది. చీర కొంగు నడుముకు దోపితే సాయంత్రం బస్సెక్కేదాకా తీసేది కాదు. గాజు సామాను అటెండరు కడిగినా మళ్లీ తనే కడుక్కునేది. ప్రతి సీసా మూత తీసి వాసన చూసేది. "అలా చూడకూడదమ్మా, ప్రమాదం," అన్నానొకసారి. "వాసన సూస్తే సగం తెలిసిపోతాది మేడమ్," అంది మూత పెడుతూ. మాట విన్నట్టే తలూపింది, మరునాడు మళ్లీ చూసింది.

పాఠం తన ఊరి భాషలోనే చెప్పేది. "ఈ ఎలక్ట్రానుంది సూడండి, ఇది ఒక దగ్గర ఉండదు, సంతలో తప్పిపోయిన గుంటడి నాగ తిరుగుతా ఉంటాది," అనేది. పక్క గదిలో నేను శుద్ధమైన తెలుగులో, మధ్యమధ్య మంచి ఇంగ్లీషులో అదే పాఠం చెబుతుంటే, గోడ అవతల నుంచి నవ్వులు వినపడేవి. నా క్లాసులో పిల్లలు కూడా చెవులు అటే పెట్టేవారు. నేను ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, పిల్లల భాష పాడవుతోందండీ, పరీక్షల్లో కూడా అలాగే రాస్తున్నారు అని చెప్పాను. ఆయన ఆమెను పిలిచి పుస్తకంలో ఉన్నట్టు చెప్పమన్నారు. ఒక్కరోజు ప్రయత్నించింది. ఆ రోజు గోడ అవతల నుంచి ఏ శబ్దమూ రాలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని, "మేడమ్, మీలాగ మాటాడ్డం నాకు నేర్పండి. నేను మాటాడతంటే నాకే నిద్రొచ్చింది," అంది. నేనే చెప్పానని ఆమెకు తెలియదు. తెలియదనే అనుకున్నాను. మర్నాటి నుంచి మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. ఆ సంవత్సరం ఆమె పేపర్లో ఒక్కరూ తప్పలేదు.

ఇవన్నీ నేను ఓర్చుకోగలిగినవే. మంచి టీచర్లు చాలామంది ఉంటారు. నాది రీసెర్చి, అది వేరు అనుకునేదాన్ని. ఆ ధైర్యం కూడా ఒక మధ్యాహ్నం పోయింది.

ఆ రోజు ల్యాబు బల్ల మీద నా గీతను పరిచి, నాలుగు మూలలా నాలుగు సీసాలు బరువు పెట్టి చూసుకుంటున్నాను. అది నా థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయానికి ఆధారం. ఒక నైట్రో పదార్థాన్ని ఆమ్లంలో కరిగించి కరెంటు పంపితే అమైనో, ఓహెచ్ అనే రెండు గుంపులూ ఉన్న అమైనోఫినాల్ వచ్చిందని నేను తేల్చాను. ఆ పదార్థం నుంచి అది వస్తుందని అంతకుముందు ఎవరూ చూపలేదని మా గైడు గారు కూడా సంతోషించారు. ఆమె బ్యూరెట్లు కడిగి తెస్తూ నా వెనక ఆగింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గీత కుడి సగాన్ని అరచేత్తో మూసేసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ముందు ఎడం పక్కే సూడాల మేడమ్. కుడి పక్కన గోతులు మరీ ఎక్కువ, సూస్తే కళ్లు తిరుగుతాయి." కాసేపు చూసింది. "ఇది ఏటనుకుంటన్నారు?"

"అమైనోఫినాల్."

"ఈ జంట గోతులు అమైనో. అది బాగుంది. పక్కన ఈ పెద్ద పల్లం ఏటి?"

"ఓహెచ్. ఇంకేముంటుంది?"

ఆమె అరచెయ్యి తీసి కుడి పక్కన ఒకే ఒక్క చోట వేలు పెట్టింది. "ఓహెచ్ ఉంటే దాని జతగాడు సీ-ఓ ఇక్కడ ఉండాల కదా. ఇక్కడ గొయ్యి లేదు మేడమ్. ఏటి ఉందో తరవాత సూడొచ్చు, ముందు ఏటి లేదో సూడాల." తర్వాత గొంతు తగ్గించి, ఏదో తప్పు తనే చేసినట్టు అంది: "ఇది వాటరేమో అనిపిస్తంది. మీ కేబీఆర్ తడిసిపోయుంటాది."

పొడి పదార్థమైతే పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో కలిపి నూరి, అదిమి బిళ్ల చేసి యంత్రంలో పెడతారు. కేబీఆర్ అంటే అదే. ఆ ఉప్పుకు తేమ పీల్చే గుణం ఉంది. విశాఖపట్నం సముద్రపు గాలిలో సీసా మూత ఐదు నిమిషాలు తీసి ఉంచితే చాలు. ఆ తేమ కూడా గీతలో అదే చోట పెద్ద పల్లం చేస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు. ప్రతి సంవత్సరం పిల్లలకు చెప్పేదాన్ని.

"నీకు స్పెక్ట్రోస్కోపీ ఎవరు చెప్పారమ్మా?" అన్నాను. ఆ మాట ఎలా అనాలనుకున్నానో అలాగే అన్నాను.

ఆమెకు దెబ్బ తగల్లేదు. నిజంగా అడిగాననుకుంది. "ఎవరూ సరిగ్గా సెప్పలేదు మేడమ్. మా లైబ్రరీలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటుండీది. అందులో గీతలన్నీ కార్బన్ పేపరు పెట్టి తీసుకున్నాను. మా గుంటకి పాలిస్తూ సూసీదాన్ని. అదొక పక్క తాగీది, నేనొక పక్క గోతులు సూసీదాన్ని."

తర్వాతి శనివారం కేబీఆర్‌ను ఓవెన్‌లో బాగా ఎండబెట్టి, మూత బిగించి పట్టుకెళ్లాను. యంత్రం పెన్ను ఎడమ పక్క నుంచి బయలుదేరింది. జంట గోతులు వచ్చాయి. పెద్ద పల్లం రాలేదు. నేను చేసింది ఓహెచ్ లేని మామూలు అమీన్. వందమంది అంతకుముందే చేశారు. నా అధ్యాయం నీళ్లలో కలిసింది.

మా గైడు గారి గదికి వెళ్లి, "సర్, కేబీఆర్‌లో తేమ ఉందేమోనని నాకు అనుమానం వచ్చింది. మళ్లీ తీశాను," అని రెండు గీతలూ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి కళ్లజోడు తీశారు. "తన రిజల్టును తనే అనుమానించడం అందరికీ రాదమ్మా. దీన్ని పట్టుకోవాలంటే కన్నుండాలి," అన్నారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు ఆయన.

సోమవారం ఆమె గుమ్మంలోనే ఆపింది. "ఏటయ్యింది మేడమ్?"

"నువ్వన్నది కొంతవరకు నిజమే."

ఆ 'కొంతవరకు' ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె మొహం మాత్రం వెలిగిపోయింది. క్యారేజీ మూతలో రెండు నువ్వుండలు పెట్టి నా చేతికిచ్చింది. "నేనూ ఒక్క శనివారం వస్తాను మేడమ్. ఆ పెన్ను గీస్తంటే సూడాలనుంది," అంది. కాదనడానికి కారణం దొరకలేదు.

మొదటి రోజే పాడైంది నా రాజ్యం. యంత్రం నడిపే ఆపరేటరు గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. లోపలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు, కాగితం కిటికీలోంచి అందించేవారు. అన్నాళ్లలో ఆయన నాతో మాట్లాడింది శాంపిలు నంబరు, సంతకం, అంతే. ఆమె కిటికీ దగ్గర నిలబడి, "బాబూ, ఆ పెన్ను అక్కడ ఎందుకాగి ఆగి ఎల్తంది?" అని అడిగింది. ఆయన తలుపు తీసి స్టూలు వేశారు. ఆ తర్వాత నేను ఒంటరిగా వెళ్లిన రోజున, "కోటపాడు మేడమ్ రాలేదేమండీ?" అనేవారు. ఎవరి గీతలో చిక్కొచ్చినా ఆమెకు చూపించడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా మా గైడు గారు తనంతట తనే ఆమెను పిలిచి పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్నారు. నేను ఆయన వెంట రెండేళ్లు తిరిగితే గాని నాతో ఆ మాట అనలేదు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఒకే సీట్లో కూర్చునేవాళ్లం. ఆమె ఆ రోజు గీతల్ని మా ఇద్దరి ఒళ్ల మీదా పరిచేది. చోడవరం వచ్చేదాకా మాటలే. ఇది చూడండి, ఇది వింతగా ఉంది, ఇది మొన్నటిలా లేదు. గొప్ప చూపించుకుంటోందనుకునేదాన్ని. ఒక్కోసారి కిటికీ వైపు తిరిగి నిద్ర నటించేదాన్ని. అప్పుడు కాగితాన్ని నా ఒళ్లోంచి మెల్లగా లాక్కుని, ఒంటరిగా చూసుకునేది.

ఆమె ఎంచుకున్న పని కూడా ఆమెలాగే ఉండేది. నేను నైట్రో పదార్థాలు సీల్డు సీసాల్లో తెప్పించుకునేదాన్ని. ఆమె గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరకు గానుగాడే కాలంలో ఒక గోనెసంచి నిండా పిప్పి తెచ్చింది. బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే, "ఏటమ్మా, గేదెలకా?" అని కండక్టరు అడిగాడట. "కాదు బాబూ, కాలేజీకి," అందట. బస్సంతా నవ్విందని తనే నవ్వుతూ చెప్పింది. ఆ పిప్పిని ఆమ్లంలో మరిగించి ఆవిరి పడితే ఫర్‌ఫ్యూరల్ అనే నూనెలాంటి ద్రవం వస్తుంది. దానిలోంచి కరెంటు పంపి ఆల్కహాలుగా మార్చాలని ఆమె ఉద్దేశం. మా ల్యాబులో కరెంటు నిలకడగా ఉండదని, బస్సులకు వాడే పాత బ్యాటరీ ఒకటి సంపాదించి దానితో నడిపింది. ఒక రాగి రేకు, ఒక గాజు గ్లాసు, ఒక మట్టి గిన్నె. వరండాలోంచి వెళ్లేవాళ్లు చూసి వంట చేస్తున్నారా అని అడిగేవారు. ల్యాబంతా బాదంపప్పు కాల్చిన వాసన.

నేను లోపలికి వెళ్లి చూసేదాన్ని. అది పని చెయ్యకూడదని మనసులో కోరుకునేదాన్ని. ఇలా రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, అయినా అదే నిజం.

జనవరిలో ఒక శుక్రవారం, నల్ల కాగితం చుట్టి, పైన తన నంబరు వేసిన చిన్న సీసా నా చేతిలో పెట్టింది. "మా గుంటడికి అమ్మవారు పోసింది మేడమ్. రేపు రాలేను. దీన్ని మీరు తీయించి తెస్తారా? ఎక్కువ రోజులు ఉంచితే పాడైపోతాది." మొదటి శాంపిలు అది. మూడు నెలల పని.

తీసుకెళ్లాను. రెండు ఉప్పు బిళ్లల మధ్య ఒక్క చుక్క వేసి యంత్రంలో పెట్టారు ఆపరేటరు గారు. నేను బయట కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఫర్‌ఫ్యూరల్‌లో కార్బోనిల్ బంధం ఉంటుంది, దాని గొయ్యి లోతుగా, ఎవరికైనా కనపడేలా ఉంటుంది. అది ఆల్కహాలుగా మారితే ఆ గొయ్యి మాయమై, ఎడమ చివర ఓహెచ్ పల్లం కొత్తగా రావాలి. పెన్ను బయలుదేరింది. ఎడమ చివర పల్లం తీసింది, నునుపుగా, పుస్తకంలో బొమ్మలాగ. కార్బోనిల్ ఉండవలసిన చోటికి వచ్చింది. పెన్ను అక్కడ దిగకుండా తిన్నగా వెళ్లిపోయింది.

నా నాలుగేళ్లలో అంత అందమైన గీత నాకు రాలేదు. మట్టి గిన్నెలో, బస్సు బ్యాటరీతో, గేదెలు తినే పిప్పితో తీసిన గీత. ఆపరేటరు గారు కాగితం చింపి ఇస్తూ, "కోటపాడు మేడమ్‌కి చెప్పండి, చాలా బాగా వచ్చిందని," అన్నారు. రిజిస్టర్లో ఆమె శాంపిలు నంబరు పక్కన సంతకం చేశాను.

బస్సులో కాగితాన్ని చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఇవ్వకూడదని అనుకోలేదు. సోమవారం ఆమె ల్యాబు గుమ్మంలో ఎదురు చూస్తూ నిలబడి ఉంది. నన్ను చూడగానే నాలుగడుగులు ముందుకొచ్చింది. ఆ నాలుగడుగులు చూసి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మిషన్ పని చెయ్యలేదు. వోల్టేజీ సరిగ్గా లేదట."

"అయ్యో, మీరు అంత దూరం ఊరికే ఎల్లొచ్చేరా?" అంది.

సీసా తిరిగి ఇచ్చేశాను. మరో శనివారం వచ్చేసరికి అందులోది టీ డికాక్షను రంగుకు తిరిగిపోయింది. మూత తీసి వాసన చూసింది. "ఎలిపోయింది మేడమ్," అని పారబోసి, గ్లాసు కడుక్కుని, ఆ మధ్యాహ్నమే మళ్లీ పిప్పి మరిగించడం మొదలుపెట్టింది. ఏదో కూనిరాగం కూడా తీసింది. నాకు ఆ రాగం మీద కోపం వచ్చింది.

గీతను మా ఇంట్లో బీరువా అరలో పరిచిన కాగితం కింద దాచాను. ఆదివారాలు మా అమ్మ భోజనం చేసి నడుం వాల్చినప్పుడు తీసి చూసేదాన్ని. నా గీత ఒకటి పక్కన పెట్టి చూసేదాన్ని. చూసిన ప్రతిసారీ ఆమెదే బాగుండేది. మళ్లీ దాచేదాన్ని. రేపు ఇచ్చేద్దాం, సంచిలో మడతల మధ్య దొరికిందని చెబుదాం అనుకునేదాన్ని. ఒక వారం దాటాక ఆ అబద్ధం పనికిరాకుండా పోయింది. నెల దాటాక ఏ అబద్ధమూ మిగల్లేదు.

మార్చిలో రెండో శాంపిలు తయారైంది. ఈసారి అనుమానంతో రెండుసార్లు డిస్టిల్ చేసింది. ఆ నడుమ నెలల్లో పిల్లాడితో, పిప్పితో ఆమె ఊరు కదల్లేదు, మళ్లీ ఇప్పుడే ఇద్దరం కలిసి వెళ్లాం. ఆపరేటరు గారు ఆ రోజు సెలవులో ఉన్నారు, వేరే ఆయనెవరో నడిపారు. గీత బాగానే వచ్చింది. సంతకం కోసం రిజిస్టరు ఆమె ముందు పెట్టారు. శాంపిలు నంబరు ఎలా వేస్తారో చూసుకోవాలని రెండు పేజీలు వెనక్కి తిప్పింది. జనవరిలో నేను సంతకం చేసిన పేజీ అదే. ఆమె అక్కడ ఆగి, మళ్లీ ముందుకు తిప్పి, సంతకం చేసి, "పదండి మేడమ్, బస్సు ఎలిపోతాది," అంది. దారి పొడుగునా ఎప్పటిలాగే మాట్లాడింది. చూడలేదనుకుని స్థిమితపడ్డాను.

ఏప్రిల్‌లో డిపార్టుమెంటు సెమినారులో ఆమె మాట్లాడింది. రాసుకున్న ఇంగ్లీషు రెండు పేజీలు చదివి, ప్రశ్నలు మొదలయ్యేసరికి తన తెలుగులోకి దిగింది. ప్రొఫెసర్లు నవ్వారు, తర్వాత నవ్వు మానేసి రాసుకున్నారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. నా థీసిస్ కూడా ఆ సంవత్సరమే పూర్తయింది. తేమ సంగతి కనిపెట్టినందుకు అందులో ఒక పేరా ఉంది. ఆ పేరాలో ఆమె పేరు లేదు.

ఆగస్టులో ఆమెకు శ్రీకాకుళం వైపు ప్రభుత్వ కాలేజీలో పోస్టింగు వచ్చింది. భర్త పిల్లల్ని తీసుకుని ముందే వెళ్లాడు. ఆమె సామానుతో పొద్దున్న బస్సుకు బయలుదేరింది. ఆ ముందురోజు స్టాఫ్ రూములో ఇచ్చిన టీ పార్టీలో నేను రెండు మంచి మాటలు మాట్లాడాను. ఆ రాత్రి పడుకునే ముందు బీరువాలోంచి గీత తీసి సంచిలో పెట్టుకున్నాను. మంచితనం వల్ల కాదు. అది నా ఇంట్లో ఉన్నంతకాలం ఆమె నా ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

చోడవరం బస్టాండులో పిల్లలు ఆమె సామాను బస్సు పైకెక్కిస్తున్నారు. ఆమె తన ట్రంకు పెట్టె పక్కన నిలబడి ఉంది.

"మీరొస్తారనుకోలేదు మేడమ్. రెండో పీరియడ్ ఉంది కదా మీకు."

"నీకొకటి ఇవ్వాలి," అని చుట్టిన కాగితం తీశాను.

విప్పకుండానే దానివంక చూసింది. "ఆ శనివారందా?"

"నీకు తెలుసా?"

"మార్చిలో రిజిస్టర్లో సూసేను. నా నంబరు పక్కన మీ సంతకం ఉంది."

"మరి అడగలేదేం?"

ఆమె పైకెక్కుతున్న పరుపు చుట్టను చూస్తూ, "తాడు బిగించి కట్టండ్రా," అని పిల్లలకు చెప్పి, నా వైపు తిరిగింది. "అడిగితే మీరిచ్చీద్దురు మేడమ్. ఇచ్చీసేక మీరు నాతో మాటాడుదురా? ఈ ఊర్లో ఈ గీతల గురించి నాతో మాటాడీవోళ్లు మీరొక్కరే. మా ఇంట్లో సెప్తే ఆవలిస్తారు. కాలేజీలో సెప్తే నవ్వుతారు. ఒక్క కాయితం కోసం శనివారాలన్నీ పోగొట్టుకోమంటారేటి?"

నేను కిటికీ వైపు తిరిగి నిద్ర నటించిన శనివారాల గురించే ఆమె చెబుతోంది. వాటినే పోగొట్టుకోకూడదనుకుంది.

ఆమె అప్పటికే కాగితాన్ని ట్రంకు పెట్టె మీద పరిచేసింది. తన మొదటి గీతను ఆమె చూడడం అదే మొదటిసారి. నన్ను, పిల్లల్ని, బస్సును మర్చిపోయి వంగింది. వేలు గీత వెంబడి నెమ్మదిగా కదిలింది. ఒకచోట ఆగింది.

"ఇదిగో సూడండి మేడమ్. కార్బోనిల్ పూర్తిగా పోలేదు. కొంచెం మిగిలిపోయింది."

వంగి చూశాను. తిన్నగా ఉందనుకున్న గీతలో, గోరంత నొక్కు. పెన్ను అక్కడ కొంచెం దిగి వెంటనే లేచింది. ఆ కాగితాన్ని ఎన్ని ఆదివారాలు ముందు పెట్టుకుని కూర్చున్నానో నాకే తెలియదు. అది నాకు ఒక్కసారి కూడా కనపడలేదు.

"మీరు ఆ రోజే ఇచ్చీసుంటే నేను దీన్నే సారుకి సూపించీసీదాన్ని. ఎంత సిగ్గయిపోయీది. మళ్లీ సెయ్యబట్టి సరిపోయింది," అంది ఆమె. మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు బాగుండేది. లేదు.

కండక్టరు విజిల్ వేశాడు. పిల్లలు ట్రంకు పెట్టె ఎత్తుకున్నారు. ఆమె గీతను చుట్టి చంకలో పెట్టుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి, బస్సెక్కింది.

సిగ్గు తర్వాత వచ్చింది, కాలేజీకి నడుస్తుంటే, రోడ్డు దాటేటప్పుడు. బస్టాండులో నిలబడ్డప్పుడు మాత్రం నా మనసులో ఒక్కటే ఉంది. నేను ఏడు నెలలు దాచుకుని చూసినా కనపడనిది, ఆమెకు కండక్టరు విజిల్ వేసే లోపల కనపడింది.